తేటనీటిలో స్మాల్‌మౌత్ బాస్ జర్క్‌బెయిట్ వెంట వచ్చి వెనుదిరుగుతుంటే ఏం చేయాలి?

మీరు ఇచ్చిన వివరాలు చాలా ఉపయోగపడ్డాయి. డెట్రాయిట్ పక్కన సెయింట్ క్లెయిర్ సరస్సు, ఏప్రిల్ చివరి వారం, గాలి లేని ఎండ పూట, పది అడుగుల లోతులోనూ అడుగు కనిపించేంత తేటనీరు, సోనార్ తెర మీద 47 డిగ్రీల ఫారన్‌హీట్. జర్క్‌బెయిట్ (కుదుపులతో ఆడించే చేప ఆకారపు ప్లాస్టిక్ ఎర) విసిరితే స్మాల్‌మౌత్ బాస్‌లు రెండు మూడు కలిసి పడవ దాకా వెంట వస్తున్నాయి, చూస్తున్నాయి, వెనుదిరిగి పోతున్నాయి. ఆరు రంగులు మార్చి చూశారు. ఏడోది ఏ రంగు కొనాలని అడుగుతున్నారు.

ఏదీ కొనవద్దు. వెంట వచ్చిన చేపకు ఎర కనిపించింది, ఆసక్తి పుట్టింది, లోతు నుంచి లేచి వచ్చింది. రంగు చేయాల్సిన పని అక్కడికి పూర్తయింది. దగ్గరకు వచ్చాక ఎర కదలికలో బతికున్న చేపకు ఉండని లక్షణం ఏదో కనిపించి వెనుదిరిగింది. అదేమిటో మీరు రాసిన వాక్యంలోనే ఉంది: “లైను బిగువుగా పట్టుకుని లాగుతున్నాను, మధ్యమధ్యలో ఆపుతున్నాను.” ఆ బిగువును వదిలించుకుంటే మీ సమస్య చాలావరకు తీరుతుంది. నా సమాధానం ఎక్కువగా దాని గురించే.

ముందు ఈ నీటి గురించి కొంచెం. 1988లో సెయింట్ క్లెయిర్ సరస్సులో జీబ్రా మసెల్స్ అనే చారల ఆల్చిప్పలు కనిపించాయి. సముద్రాలు దాటి వచ్చే ఓడలు బరువు కోసం నింపుకునే నీటితో పాటు అవి వచ్చాయని భావిస్తారు. ఇవి నీటిని వడగట్టి, అందులోని సూక్ష్మమైన నాచును తిని బతుకుతాయి. అవి పెరిగిన కొద్దీ నీరు తేటపడింది, ఎండ అడుగు దాకా దిగింది, నీటిమొక్కలు విస్తరించాయి. ఓడల కాలువను పక్కన పెడితే ఈ సరస్సు ఎక్కడా పెద్ద లోతు లేదు, సగటు 11 అడుగులే. స్మాల్‌మౌత్ ప్రధానంగా కంటితో వేటాడే చేప. దానికి ఇంత వెలుతురు దొరికితే చాలా దూరం నుంచే ఎరను చూసి వస్తుంది. అంతే తీరిగ్గా పరీక్షిస్తుంది కూడా. మన ఊరి చెరువులో వానపాము గుచ్చి, బెండు మునిగే దాకా కూర్చునే వేటలో చేపకు వాసన దారి చూపిస్తుంది, నీరు మసకగా ఉండి మన లోపాలను కప్పేస్తుంది. ఇక్కడ ఎర ప్లాస్టిక్, వాసన లేదు, నీరు దేన్నీ దాచదు. కదలిక ఒక్కటే చేపను నమ్మించాలి.

ఆ కదలిక ఎలా ఉండాలి? ఫిన్లాండ్ జాలరి లౌరి రాపాలా 1936లో తన మొదటి ఎరను చెక్కడానికి కారణమైన గమనిక ఇప్పటికీ ఈ వేటకు ఆధారం. చిన్న చేపల గుంపులోకి పెద్ద చేప దూసుకొచ్చినప్పుడు, సాఫీగా ఈదుతున్న వాటిని వదిలి, తూలుతూ తడబడుతున్న దాన్నే పట్టుకుంటుంది. జర్క్‌బెయిట్ పని ఆ తడబాటును చూపించడం. దెబ్బతిన్న షైనర్ చేప ఒకే వేగంతో ఒకే గీత మీద ఈదదు. చటుక్కున పక్కకు దూకుతుంది, ఆగిపోతుంది, ఒళ్లు కాస్త పక్కకు వాలుతుంది, మళ్లీ వేరే వైపు దూకుతుంది. లైను బిగువుగా ఉంటే మీ ఎర ఇందులో ఒక్కటీ చేయలేదు. లాగిన వైపే, మీ వైపే, ముక్కుసూటిగా వస్తుంది. ఆపినప్పుడు కూడా దారం దాని మూతిని పట్టి ఉంచుతుంది కాబట్టి మీ చేతి వణుకు, పడవ కదలిక అంతా దానికి చేరుతుంది. మూడు అడుగుల దూరంలో ఉన్న చేప అది చూస్తోంది.

కాబట్టి కుదుపు వదులుగా ఉన్న లైను మీద మొదలై, వదులుగా ఉన్న లైను మీద ముగియాలి. రాడ్ (గాలపు కర్ర) కొనను నీటి వైపు దించి పట్టుకోండి. మణికట్టుతో కిందికి ఆరు అంగుళాల నుంచి అడుగు దాకా చురుగ్గా ఒక కుదుపు ఇచ్చి, ఆ క్షణంలోనే కొనను ఎర వైపు తిరిగి పోనివ్వాలి. తడి తువ్వాలును ఒక్కసారి విదిలించి చేయి వెనక్కి తెచ్చినట్టు ఉండాలి. కుదుపు అందిన ఎర పక్కకు తిరుగుతుంది. దాన్ని ఆపే దారం లేదు కాబట్టి ఆ ఊపులో ఇంకాస్త జారుతుంది, ఆగుతుంది. తర్వాతి కుదుపుకు రెండో వైపు తిరుగుతుంది. ఎరను లాగేది రాడ్, లైను చుట్టే రీల్ కాదు. రీల్ పని మిగిలిన వదులును సగం చుట్టడం మాత్రమే, పూర్తిగా చుట్టేస్తే మళ్లీ బిగువు మొదలవుతుంది. పడవ పక్కనే, రెండు బారల దూరంలో ఎరను చూస్తూ దీన్ని సాధన చేయండి. తేటనీరు మీకు చేసే పెద్ద మేలు ఇదే. ఎర తల ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి తిరుగుతూ, ముందుకు మాత్రం చాలా కొద్దిగా జరుగుతుంటే చేయి కుదిరినట్టే.

ఎరను లైనుకు కట్టే తీరు కూడా ఈ స్వేచ్ఛలో భాగం. మూతి దగ్గర లైను కట్టే కన్నానికి ముడిని బిగించి కట్టేస్తే కదలిక సగం చచ్చిపోతుంది. చిన్న రింగుకైనా, గుండ్రటి స్నాప్‌కైనా (తెరిచి మూసే చిన్న కొక్కెం), వదులుగా ఉండే లూప్ ముడితోనైనా కట్టండి.

ఇక ఎంతసేపు ఆపాలి అన్నది. దీనికి గడియారం కన్నా థర్మామీటర్ నమ్మకమైనది. చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టే ఉంటుంది, చల్లటి నీటిలో దాని కండరాలు, ఆకలి, జీర్ణం అన్నీ మందగిస్తాయి. 42 నుంచి 45 డిగ్రీల మధ్య, అంటే ఆరేడు సెల్సియస్ దగ్గర, పది నుంచి ఇరవై సెకన్లు కదలకుండా ఉంచాల్సి వస్తుంది. కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ. 48 నుంచి 52 మధ్య మూడు నుంచి ఆరు సెకన్లు. 55 దాటాక ఒకటి రెండు సెకన్లు చాలు. వేసవిలో నీరు 70కి చేరితే దాదాపు ఆపకుండా ఆడించవచ్చు. మీ 47 డిగ్రీలకు ఆరేడు సెకన్లతో మొదలుపెట్టి, తగలకపోతే పెంచుతూ పొండి.

ఇక్కడ చాలామంది ఒక లయకు అలవాటు పడిపోతారు: రెండు కుదుపులు, ఐదు లెక్క, రెండు కుదుపులు, ఐదు లెక్క. మసకనీటిలో ఇది నడుస్తుంది. తేటనీటిలో వెంట వస్తున్న చేప ఆ లయను చూస్తూనే ఉంటుంది. రెండు, ఆపు. ఒకటి, ఎక్కువసేపు ఆపు. మూడు గట్టివి, చటుక్కున ఆపు. ఇలా మారుస్తూ ఉండండి. నిలకడగా ఉంచాల్సింది ఒక్కటే: ఆపినప్పుడు ఎర నిజంగా ఆగాలి.

అది నిజంగా ఆగుతుందా లేదా అన్నది ఇంటి దగ్గర బకెట్‌లో తెలియదు, ఆ రోజు ఆ సరస్సు నీటిలో చూడాలి. పెట్టె మీద ‘సస్పెండింగ్’ (తేలకుండా, మునగకుండా నిలిచేది) అని రాసి ఉన్నా నీటి చల్లదనాన్ని బట్టి, లైను బరువును బట్టి, మార్చిన గాలాల బరువును బట్టి తేడా వస్తుంది. వేటకు కట్టిన లైనుతోనే పడవ పక్కన వదిలి చూడండి. కదలకుండా ఉంటే మంచిది. చాలా నెమ్మదిగా పైకి లేచినా నాకు అభ్యంతరం లేదు, పైకి చూసే చేపకు అది అందుబాటులోనే ఉంటుంది. గబగబా బెండులా లేస్తే గాలం కాడకు సన్నని సీసపు తీగ ఒకటి రెండు చుట్లు చుట్టండి, లేదా కడుపు కింద అతికించే సీసపు చుక్కలు వాడండి. తోక కిందికి వేలాడేలా మాత్రం ఉండకూడదు. అడ్డంగా గానీ, మూతి కాస్త కిందికి గానీ ఉండాలి.

ఇప్పుడు మీరు అసలు అడిగిన సందర్భానికి వద్దాం. చేప వెంట వస్తోంది, మీకు కనిపిస్తోంది. ఆ క్షణంలో ఏం చేయాలి? అది ఎంత దూరంలో ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. పడవకు నలభై అడుగుల ఆవల ఉంటే ఇంకా మీ చేతిలోనే ఉంది. చాలామంది చేపను చూడగానే బిగుసుకుపోయి ఎరను మెల్లగా లాగడం మొదలుపెడతారు. దానికి పూర్తి విరుద్ధంగా చేయండి: రెండు మూడు కుదుపులు, ఇప్పటిదాకా ఇచ్చిన వాటికన్నా గట్టిగా, వెంటవెంటనే. తప్పించుకుంటున్నట్టు కనిపించాలి. ఆ వెంటనే పూర్తిగా ఆపి, లైను వదిలేయండి. తప్పించుకుంటున్న ఆహారం ఒక్కసారిగా అలసి ఆగిపోతే, దగ్గర్లో ఉన్న చేప ఆలోచించకుండా నోరు తెరిచే అవకాశం అప్పుడే ఎక్కువ. రెండు మూడు కలిసి వస్తే ఇంకా మంచిది, పక్కదానికన్నా ముందు అందుకోవాలన్న పోటీ వాటిలో బలంగా ఉంటుంది. పడవలో మరో మనిషి ఉంటే అలాంటప్పుడు చూస్తూ కూర్చోకుండా, ట్యూబ్ లాంటి మెత్తని ప్లాస్టిక్ ఎరను వాటి వెనుక పడేటట్టు విసరాలి. ఒకటి గాలానికి చిక్కినప్పుడు కూడా దాని చుట్టూ చూడండి, తోడు వచ్చినవి తరచూ అక్కడే తిరుగుతుంటాయి.

పడవ కిందికే వచ్చేసిన చేపను మాత్రం వదిలేయండి. అది మిమ్మల్ని చూసింది. రాడ్ కొనతో ఎనిమిది అంకె తిప్పే పద్ధతి ఇదే సరస్సులోని మస్కీ చేపకు పనికొస్తుంది, స్మాల్‌మౌత్‌కు అరుదుగా పనిచేస్తుంది. అది ఎక్కడి నుంచి లేచిందో జీపీఎస్‌లో గుర్తుపెట్టుకుని, అరగంట తర్వాత వేరే వైపు నుంచి, ఇంకా దూరంగా నిలబడి విసరండి. వెంట వచ్చిన చేప అంటే అక్కడ చేపలున్నాయన్న సమాచారం. మీరు వదిలి వెళ్లిపోయామన్న చోట్లన్నీ నిజానికి మంచి చోట్లు.

దూరం గురించి ఇంకో మాట. తేటనీటిలో పొడవుగా విసరడం అలంకారం కాదు, అవసరం. నూరు అడుగులు విసిరితే చేపకు పడవ కనిపించకముందే నిర్ణయించుకునే సమయం ఉంటుంది. ముప్పై అడుగులు విసిరితే ఉండదు. అందుకే గాలి మీ వీపు వైపు ఉండేలా చూసుకోండి. గాలి నెట్టిన వైపు పడవను పోనిస్తూ, ముందుకు విసిరితే రెండు లాభాలు: ఎర దూరం వెళుతుంది, పడవ దాని వైపే జరుగుతుంది కాబట్టి లైను దానంతట అదే వదులవుతుంది. విద్యుత్ మోటారును మాటిమాటికీ ఆపి వేయకండి. తక్కువ వేగంలో ఒకే తీరుగా నడిస్తే చేప పెద్దగా పట్టించుకోదు, ఆగి మొదలయ్యే శబ్దానికి బెదురుతుంది. సూర్యుడు వెనుక తక్కువ ఎత్తులో ఉంటే పడవ నీడ, రాడ్ ఊపే నీడ విసిరే చోటి మీద పడతాయి. పక్కకు జరగండి.

గాలి లేని ఎండ రోజును మీరు మంచి రోజు అనుకున్నారు. పడవలో కూర్చోవడానికి మంచిదే. ఈ వేటకు మాత్రం నీటి మీద చిన్న అలలు లేచే రోజు ఎన్నో రెట్లు మేలు. అలలు వెలుతురును ముక్కలు చేస్తాయి, చేపకు ఎర మెరుపులు మెరుపులుగానే కనిపిస్తుంది, పరీక్షించే వీలు తగ్గుతుంది. అలాంటి రోజున 110 మిల్లీమీటర్ల ఎర, లోపల గుళ్లు గలగలమనేది, ధైర్యంగా వాడండి. మెగాబాస్ విజన్ 110, రాపాలా ఎక్స్-రాప్, లక్కీ క్రాఫ్ట్ పాయింటర్, ఏదైనా సరే. నీరు అద్దంలా ఉన్న రోజున 80, 90 మిల్లీమీటర్లకు, శబ్దం లేని దానికి దిగండి. మరీ ఎక్కువ గాలి, ఒడ్డున బురద కలిస్తే ఈ ఎర పనికిరాదు. వాన తర్వాత క్లింటన్ నది కలిసే వైపు వెళ్లకండి.

రంగుల విషయం క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది క్లుప్తమైనదే. ఎండకు లోపలి నుంచి వెలుతురు పోయే పారదర్శకమైనది ఒకటి, మబ్బుకు పాలతెలుపు ఒకటి, అలలు లేచినప్పుడు పసుపుపచ్చ వీపు ఉన్నది ఒకటి. మీ దగ్గరున్న ఆరింటిలో ఈ మూడూ ఉన్నాయి.

లైను మీద మాత్రం డబ్బు పెట్టండి. ఎనిమిది లేదా పది పౌండ్ల బలం ఉన్న ఫ్లోరోకార్బన్ లైను. దీని వక్రీభవన గుణకం (వెలుతురును ఎంత వంచుతుందో చెప్పే కొలత) సుమారు 1.42, నీటిది 1.33, మామూలు నైలాన్‌ది 1.5 పైన. నీటికి దగ్గరగా ఉన్న కొద్దీ తక్కువ కనిపిస్తుంది. అది మునుగుతుంది కూడా, అందువల్ల ఎర అనుకున్న లోతుకు చేరుతుంది. సన్నని లైనుకు ఎర ఎక్కువ దూరం వెళుతుంది, ఎక్కువ లోతుకు దిగుతుంది. స్పిన్నింగ్ రీల్ వాడితే పది పౌండ్ల అల్లిక లైనుకు ముందు కనీసం పది అడుగుల ఫ్లోరోకార్బన్ కలపండి. రాడ్ ఆరున్నర అడుగుల నుంచి ఆరు అడుగుల పది అంగుళాల మధ్య, మీడియం, కొన మెత్తగా ఉండేది. ఏడున్నర అడుగుల రాడ్‌ను కిందికి కుదిపితే నీటిని కొడుతుంది.

ఆపి ఉన్నప్పుడు, వదులు లైను మీద చేప పడితే ఎలా తెలుస్తుందని మీకు సందేహం రావచ్చు. సగంసార్లు చేతికి తెలియదు. లైను నీటిని తాకే చోటే చూస్తూ ఉండండి. అది చిన్నగా ఎగిరినా, పక్కకు జరిగినా చేప నోట్లో ఉన్నట్టే. మరికొన్నిసార్లు తర్వాతి కుదుపుకు నాచులో చిక్కినట్టు బరువు తగులుతుంది. అప్పుడు పైకి ఎత్తి కొట్టవద్దు, రాడ్‌ను పక్కకు సాగదీస్తూ చుట్టండి. ఈ ఎరలకు ఉండే మూడు కొక్కేల గాలాలు సన్నవి, చురుకైనవి, బలవంతం అక్కర్లేదు. స్మాల్‌మౌత్ గాల్లోకి ఎగిరి తల విదిలిస్తుంది కాబట్టి డ్రాగ్ (చేప లాగితే లైనును జారనిచ్చే రీల్ బిగింపు) వదులుగా, రాడ్ కిందికి ఉంచండి. ఎగరబోతే కొనను నీటిలోకి ముంచండి. రబ్బరు పూత వల తప్పనిసరి. రెండు మూడు గాలాలు వేలాడుతుండగా చేప దవడను చేత్తో పట్టుకోబోతే, రెండో గాలం మీ వేలిలో దిగుతుంది. గాలాల ముళ్లను పట్టకారతో నొక్కేస్తే చేపకూ మీకూ మేలు. 47 డిగ్రీల నీటిలో పడితే నిమిషాల్లో చేతులు పట్టు తప్పుతాయి, లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి, సీటు కింద కాదు.

నియమాలు మీరు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. మిషిగన్‌లో బాస్‌ను పట్టి వెంటనే వదిలేయడం ఏడాది పొడవునా అనుమతించారు, కానీ సెయింట్ క్లెయిర్ సరస్సులో ఉంచుకోవడానికి జూన్ మూడో శనివారం దాకా ఆగాలి. పదిహేడేళ్లు నిండిన ప్రతివారికీ లైసెన్సు ఉండాలి. సరస్సు మధ్యగా అంతర్జాతీయ సరిహద్దు పోతుంది, దాటి గాలం వేస్తే కెనడా వైపు ఒంటారియో రాష్ట్ర లైసెన్సు కావాలి. ఏటా నియమాలు చూసుకోండి. నీరు 60 డిగ్రీలకు చేరువయ్యే సరికి మగ చేపలు కంకర నేల మీద గూళ్లు చేసి గుడ్లకు కాపలా కాస్తాయి. 1990లో సెయింట్ క్లెయిర్ నదిలో బయటపడిన రౌండ్ గోబీ అనే చిన్న చేప ఇప్పుడు అడుగంతా నిండి ఉంది. కాపలా చేపను కాసేపు పైకి తీసినా అవి గూటి మీద పడి గుడ్లు తినేస్తాయి. గూటి మీద కనిపిస్తున్న చేపకు ఎర వేయకండి. పొరపాటున తగిలితే ఫొటోలు లేకుండా అక్కడే వదిలేయండి. ఐదు పౌండ్ల స్మాల్‌మౌత్‌కు పదేళ్లు దాటి ఉండవచ్చు. పులుసుకు చేప కావాలంటే ఇదే సరస్సులో పసుపు పెర్చ్ దొరుకుతుంది, రుచిలోనూ అదే మేలు. ఎంత తినవచ్చో రాష్ట్ర ఆరోగ్య శాఖ సూచనలు చూసి తినండి.

ఇంత చేసినా, గాలి లేని ఒక పూట అవి వెంట వచ్చి వెనుదిరిగే రోజులుంటాయి. ఇరవై నిమిషాల్లో మూడు నాలుగు గుంపులు అలా చేస్తే జర్క్‌బెయిట్‌ను వెతికే సాధనంగా మాత్రమే వాడండి. అది చేపలను లేపి చోటు చూపిస్తుంది. వెంటనే రెండో రాడ్‌తో, పావు ఔన్సు బరువైన తల ఉన్న గాలానికి గుచ్చిన మూడున్నర అంగుళాల ఆకుపచ్చ-గోధుమ రంగు ట్యూబ్‌ను అవి వెనుదిరిగిన చోటికి విసిరి, అడుగుకు చేరనిచ్చి, గోబీ పాకినట్టు మెల్లగా ఈడ్చండి. మధ్యాహ్నం నైరుతి గాలి లేచి నీటి మీద ముడతలు పడగానే మళ్లీ జర్క్‌బెయిట్ అందుకుని, పొద్దున గుర్తుపెట్టుకున్న మొదటి చోటికి వెళ్లండి.